చెయ్యి సహకరించనప్పుడు ఏ రివాల్వర్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. చాలాకాలంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, కుడి మణికట్టుకు కార్పల్ టనెల్ ఆపరేషన్ కూడా అయింది. ఆయుధం వెంట పెట్టుకుని తిరగడానికి లైసెన్స్ ఉంది. ఇన్నాళ్లూ 9 ఎంఎం పిస్టల్ వాడాను, ఇప్పుడు దాని స్లైడ్ (పైన జరిగే ఉక్కు భాగం) వెనక్కి లాగడం నా వల్ల కావట్లేదు. తెలిసినవాళ్లు పాయింట్ 38 చిన్న రివాల్వర్ తీసుకోమన్నారు. ఒకరిది అడిగి నాలుగు రౌండ్లు కాల్చానో లేదో, ఆ రాత్రంతా బొటనవేలి మొదలు సలుపుతూనే ఉంది. పాయింట్ 22 అయితే తన్నదు కదా, అదే కొనుక్కుంటే సరిపోతుందా? పాయింట్ 22 ఉన్నా లేనట్టే అని కొందరు భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: పాయింట్ 22 తన్నదన్న మాట నిజమే. కానీ మీ ఉత్తరం అంతా తన్నడం గురించే ఉందమ్మా, ట్రిగ్గర్ గురించి ఒక్క ముక్క లేదు. కీళ్ల నొప్పి ఉన్న చేతికి అసలు పరీక్ష పెట్టేది ట్రిగ్గరే, అందులోనూ పాయింట్ 22 రివాల్వర్ ట్రిగ్గర్ మిగతావాటికన్నా గట్టిగా ఉంటుంది. చిన్న తూటా కాబట్టి లాగడమూ తేలికే అనుకుని, కొనుక్కుని ఇంటికి వెళ్లాక బాధపడేవాళ్లు చాలామంది.

ఎందుకు గట్టిగా ఉంటుందంటే, పాయింట్ 22 తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో ఉండదు, అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఫైరింగ్ పిన్ వచ్చి ఆ అంచును నలగ్గొడితేనే పేలుతుంది. అందుకు గట్టి దెబ్బ కావాలి, గట్టి దెబ్బకు గట్టి స్ప్రింగ్ కావాలి, ఆ స్ప్రింగ్‌ను ప్రతి రౌండుకూ వెనక్కి నెట్టాల్సింది మీ చూపుడువేలు. పాయింట్ 32, పాయింట్ 38 తూటాలకు మందు మధ్యలో ఉన్న ప్రైమర్‌లో ఉంటుంది, కాస్త తక్కువ దెబ్బకే అంటుకుంటుంది. అలాగని పాయింట్ 22కి స్ప్రింగ్ మార్పించి తేలిక చేయించుకుందామని మాత్రం చూడకండి, మొదట దెబ్బతినేది పేలుతుందన్న నమ్మకమే. అసలే అంచు మీద మందు ఉండే తూటాలు అప్పుడప్పుడూ తుస్సుమంటాయి.

అలా తుస్సుమన్నప్పుడు రివాల్వర్‌లో ఉన్న మేలు ఏమిటంటే, మళ్లీ ట్రిగ్గర్ లాగితే సిలిండర్ (తూటాలు పట్టే గదులున్న గుండ్రటి దిమ్మ) తిరిగి తర్వాతి తూటా వస్తుంది. పిస్టల్‌లో అయితే స్లైడ్ లాగి తీయాలి, మీకు కష్టమైన పనే అది. ప్రాక్టీసులో మాత్రం ఇలా పేలకపోతే వెంటనే మళ్లీ లాగకండి, మూతిని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవీ ఉంటాయి. కాబట్టి పిస్టల్ నుంచి రివాల్వర్‌కు మారాలన్న మీ ఆలోచన సరైనదే, ఏ రివాల్వర్ అన్నదే తేలాలి.

మామూలు చిన్న డబుల్ యాక్షన్ రివాల్వర్ (ట్రిగ్గర్ ఒక్కసారి లాగితే హ్యామర్ వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి కొట్టే రకం) ట్రిగ్గర్ లాగడానికి నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల బలం పట్టడం మామూలే. రివాల్వర్ బరువేమో నాలుగు వందల గ్రాములు. దాని బరువుకు పది రెట్లకు పైగా బలాన్ని ఒక్క వేలితో దాని మీద పెడుతున్నారన్నమాట, గురి కదలకుండా ఎలా ఉంటుంది? ట్రిగ్గర్ చివరిదాకా వచ్చే ఆఖరి క్షణంలో మూతి ఒక్కసారి కిందకో పక్కకో జారుతుంది. చేతిలో శక్తి చాలనివాళ్లకు గురి తప్పేది ఎక్కువగా ఇక్కడే. తూటా సైజు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

అందుకే ఏదీ కొనకముందు ఈ పరీక్ష చేయండి. సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి వేలితో తడిమి, డమ్మీ తూటాలు వేసుకుని (పాయింట్ 22ని ఖాళీగా క్లిక్‌మనిపిస్తే చాలా మోడళ్లలో పిన్నుకో సిలిండర్ అంచుకో దెబ్బ, మాన్యువల్ చూడాలి), గోడ అవతల ఎవరూ లేని వైపు చూపించి, చెయ్యి చాపి ట్రిగ్గర్ నెమ్మదిగా మొత్తం లాగండి. సిలిండర్‌లో ఎన్ని గదులుంటే అన్నిసార్లు, ముందున్న సైట్ (గురి చూసే మొన) ఊగకుండా. తర్వాత ఒంటిచేత్తో, ఆ తర్వాత ఎడమచేత్తో. ఇదంతా మందు వేసుకుని హాయిగా ఉన్న మధ్యాహ్నం చేస్తే లాభం లేదు. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుని గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అలాగే ఉంటాయి కదా, ఆ గంటలోనే లాగి చూడాలి. షాపుకు ఆ వేళకు వెళ్లలేకపోతే, లైసెన్స్ ఉన్న స్నేహితుల దగ్గర చట్టం ఒప్పుకున్న మేరకు చూడండి, లేదా రేంజ్‌లో అద్దెకు దొరికేచోట పొద్దున్నే వెళ్లండి. మీ చేతులు బాగాలేని రోజున లాగలేని ట్రిగ్గర్ మీకు పనికిరాదు, మిగతా రోజుల్లో అది ఎంత బాగున్నా సరే.

లాగేటప్పుడు వేలి చివరి మెత్తని భాగం కాకుండా మొదటి కణుపు మడత ట్రిగ్గర్ మీద పడేలా పెట్టుకుంటే చాలా తేడా ఉంటుంది. తేలిక ట్రిగ్గర్ ఉన్న పిస్టళ్లకు నేర్పే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు తూటా సంగతి. నన్ను అడిగితే మీరు ముందుగా చూడాల్సింది పాయింట్ 32. ఇది చాలామందికి గుర్తుకే రాదు. పాయింట్ 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ 1896 నుంచీ ఉంది, చాలా మెత్తగా తన్నుతుంది. 1984లో దానికన్నా కాస్త పొడుగు చేసి బలం పెంచి పాయింట్ 32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ తెచ్చారు. అంత బరువే ఉన్న పాయింట్ 38తో పోలిస్తే దీని తన్ను స్పష్టంగా తక్కువ, పైగా అదే సైజు సిలిండర్‌లో ఐదుకు బదులు ఆరు పడతాయి. స్మిత్ అండ్ వెసన్ 432 అల్టిమేట్ క్యారీ ఈ తూటాకే చేసింది. రూగర్ ఎల్‌సీఆర్‌లో పాయింట్ 327 ఫెడరల్ మాగ్నమ్ మోడల్ ఉంది. పాయింట్ 327 తూటా మీ చేతులకు వద్దు, చాలా దురుసు, కానీ ఆ రివాల్వర్‌లో పైన చెప్పిన రెండు పాయింట్ 32 తూటాలూ కాల్చుకోవచ్చు. తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయకూడదు, పాయింట్ 32 రివాల్వర్‌లో పాయింట్ 327 వేయకూడదు. ఎల్‌సీఆర్ ట్రిగ్గర్ మధ్యలో పట్టేయకుండా ఒకే తీరుగా జారేలా చేశారు, గట్టిదనం అంకెల్లో ఎంతున్నా వేలికి తేలికగా అనిపిస్తుంది. పాయింట్ 32తో చిక్కల్లా తూటాలు అన్నిచోట్లా దొరకవు, కొనకముందే ఆ సంగతి కనుక్కోండి.

మీ స్నేహితులది బహుశా అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న పాయింట్ 38 అయ్యుంటుంది, దాన్ని చూసి ఆ తూటానే తోసిపుచ్చకండి. నాలుగు వందల గ్రాముల రివాల్వర్‌లో మామూలు రక్షణ తూటాలు కాలిస్తే బాగున్న చేతులకే నొప్పి పుడుతుంది. అదే తూటా ఆరు వందల గ్రాములు దాటిన ఉక్కు రివాల్వర్‌లో, సన్నని చెక్క పిడి తీసేసి వెనక భాగాన్ని కూడా కప్పే రబ్బరు గ్రిప్ వేసి, 148 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) వాడ్‌కట్టర్ అనే చదును ముక్కు టార్గెట్ తూటాలతో కాల్చి చూడండి, వేరే వస్తువులా ఉంటుంది. బరువు మోయడం కష్టమంటే అర్థం చేసుకోగలను, నడుముకో భుజానికో అది భారమే. కానీ తేలిక తుపాకీ మోసేటప్పుడు సుఖం, కాల్చేటప్పుడు కష్టం, ఈ రెంటిలో మీ శరీరంలో ఏ భాగం తట్టుకుంటుందో మీకే తెలియాలి.

ఈ రెండూ కుదరనప్పుడు పాయింట్ 22కి రండి. అప్పుడు అది తక్కువరకం ఎంపిక ఏమీ కాదు. ఎల్‌సీఆర్‌లోనూ, స్మిత్ అండ్ వెసన్ 43సీలోనూ ఎనిమిదేసి రౌండ్లు పడతాయి. ఉన్నా లేనట్టే అన్నవాళ్ల మాటలో కొంత నిజముంది: 1986లో మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత ఆ సంస్థ తూటాలను జెలటిన్ దిమ్మల్లో పరీక్షించడం మొదలుపెట్టి కనీసం 12 అంగుళాల లోతు ఉండాలని పెట్టుకుంది. రెండంగుళాల బ్యారెల్ నుంచి వచ్చే పాయింట్ 22కి అంత వేగం ఉండదు, విచ్చుకునే రకం తూటాలు వేస్తే విచ్చుకోనన్నా విచ్చుకోవు, విచ్చుకుంటే లోతుకు పోవు. అందుకని విచ్చుకోని గట్టి తూటాలే ఎంచుకోవాలి. పాయింట్ 22 మాగ్నమ్ కొంత మెరుగే కానీ, ఇంత పొట్టి బ్యారెల్‌లో ఆ తేడా చాలావరకు మెరుపుగానూ చెవులు చిల్లులుపడే మోతగానూ పోతుంది. ఇన్ని లోపాలున్నా, ఐదు రౌండ్లూ గురి తప్పే పాయింట్ 38 కన్నా, ఎనిమిదీ ఒక్కచోట పెట్టగలిగే పాయింట్ 22 మీ చేతిలో ఉండటమే నాకు ఇష్టం.

హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి లాంటి భాగం) బయటికి కనబడే మోడల్ అయితే బొటనవేలితో వెనక్కి లాగి ట్రిగ్గర్ తేలిక చేసుకోవచ్చని ఎవరో ఒకరు మీకు చెప్తారు. వినకండి. కాల్చే అవసరం తప్పిపోయాక ఆ హ్యామర్‌ను మళ్లీ నెమ్మదిగా దించాల్సింది కూడా సలుపుతున్న ఆ బొటనవేలే, కంగారులో, చెమట పట్టిన చేత్తో. అది జారితే పేలుతుంది. హ్యామర్ లోపలే ఉండే మోడల్ తీసుకోండి, జేబులో గుడ్డకు తగులుకోదు కూడా.

చిన్న విషయాలు మూడు. పాయింట్ 22 ఖాళీ తొడుగులు సిలిండర్‌లో అతుక్కుంటాయి, వాటిని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్‌ను వేలితో నొక్కితే మీకు రాకపోవచ్చు, మూతి పైకెత్తి అరచేత్తో కొట్టండి. వేళ్లకు తిమ్మిరి ఉంటే పెన్సిల్ కన్నా సన్నని ఆ తూటాలను ఒక్కొక్కటీ ఎక్కించడమే ఒక పని, ముందు అది చేసి చూడండి. రెండో చేతి బొటనవేలు ఎప్పుడూ సిలిండర్ ముందుకు పోకూడదు, అక్కడి సందులోంచి వచ్చే వేడి వాయువు చర్మాన్ని చీల్చేస్తుంది.

ప్రశ్న: నాకు 71. చేతులు వణుకుతాయి, దగ్గరి చూపు సరిగా ఆనదు, వెన్నుకు ఆపరేషన్ అయి నడుము బెల్టుకు ఏది తగిలించినా నొప్పి. పాయింట్ 22 రివాల్వర్‌కు లేజర్ పెట్టించుకుని బ్యాగులో వేసుకుని తిరగవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: బ్యాగు వద్దు. బ్యాగు చేతిలోంచి పోతుంది, కుర్చీ మీద మర్చిపోతాం, ఇంటికొచ్చిన పిల్లలు జిప్ తీస్తారు. ముందు జేబులో, ట్రిగ్గర్ మొత్తం కప్పే పాకెట్ హోల్‌స్టర్‌లో పెట్టుకోండి, ఆ జేబులో తాళంచెవి కూడా ఉండకూడదు. కూర్చున్నప్పుడు జేబులోంచి తీయడం కష్టమవుతుంది, ఎక్కువసేపు కారులోనో వీల్‌చైర్‌లోనో గడిపేవాళ్లయితే ముందు దుస్తుల సంగతి చూసుకోవాలి, జేబులు వెడల్పుగా ఉండాలి. ఇదంతా ఖాళీ తుపాకీతో ఇంట్లో సాధన చేయండి.

లేజర్ మంచిదే, పిడి నొక్కితే వెలిగే రకం అయితే విడిగా మీట వెతుక్కోనక్కర్లేదు. కానీ వణుకు ఉన్నవాళ్లు ఆ ఎర్రచుక్క గెంతడం చూసి కంగారుపడి, చుక్క సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను గుంజేస్తారు, అప్పుడు తప్పనిసరిగా పక్కకు పోతుంది. చుక్క ఊగుతున్నా సరే, ఒకే తీరుగా లాగుతూ పోవాలి. నాలుగైదు గజాల దూరంలో ఆ ఊగడం మీరు భయపడినంత తేడా చేయదు. ముందు సైట్‌కు ముదురు నారింజ రంగు వేయించుకోండి, కళ్లజోడు డాక్టరుతో చాచిన చెయ్యంత దూరం స్పష్టంగా కనిపించాలని చెప్పండి, మామూలుగా చదివే అద్దాలు అంతకన్నా దగ్గరికి ఇస్తారు.

వణుకు పుట్టుక ఏమిటో కూడా డాక్టరును అడిగి తెలుసుకోండి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికి పని చేసేటప్పుడు తగ్గేది ఒకటి, పని చేసేటప్పుడే పెరిగేది ఇంకొకటి. రెండో రకం అయితే ట్రిగ్గర్ తేలికగా ఉండటం మీకు మేలు కాదు, ప్రమాదం. నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు వేసుకున్న రోజుల్లో తుపాకీ ఇంట్లో తాళం వేసి ఉంచండి. పెప్పర్ స్ప్రే చట్టం ఒప్పుకుంటే అలాంటి రోజులకు అది చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి మతిమరుపు మొదలైంది. అలవాటు కొద్దీ చిన్న రివాల్వర్ జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు. చిన్న తూటాయే కదా, పోనీలే అని ఊరుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఊరుకోకండి. పాయింట్ 22తో మనుషులు చనిపోతారు. చిన్న తూటా అని ఇంతసేపూ నేను చెప్పింది కాల్చేవాళ్ల చేతికి కలిగే సుఖం గురించి మాత్రమే. మతిమరుపు ఉన్నవాళ్లు చీకట్లో సొంత మనిషినే దొంగ అనుకోవచ్చు. మతిమరుపుతో పాటు దిగులు కూడా వచ్చిందంటే ఆ తుపాకీ వల్ల ఎక్కువ ప్రమాదం ఆయనకే.

ఆయనకు ఇంకా విషయం బోధపడుతున్న రోజుల్లోనే, మంచి ఘడియ చూసి, ఆయన నోటితోనే ఇచ్చేయమని అడగండి. ఆయనతో కలిసి తుపాకీ కాల్చిన పాత మిత్రుడెవరైనా ఉంటే ఆ మాట వాళ్లతో చెప్పించండి, కూతురు చెప్తే కోపం వచ్చేవాళ్లు వాళ్లు చెప్తే వింటారు. తూటాలు తీసేసి తుపాకీ ఆయన దగ్గరే ఉంచే పద్ధతి వద్దు, ఖాళీ తుపాకీ చూపించినా ఎదుటివాళ్లు కాలుస్తారు, పైగా పాత తూటాలు ఏ బీరువాలో ఉన్నాయో ఆయనకే గుర్తుండవచ్చు. ఇల్లంతా వెతికి తూటాలు కూడా తీసుకోండి. తుపాకీని మీ సొంతంగా తీసుకుని దాచితే అది మీ మీద కేసు అవుతుంది చాలాచోట్ల, కాబట్టి లైసెన్స్ ఇచ్చిన అధికారులను ముందుగా కలిసి, అప్పగించడమా, లైసెన్స్ ఉన్న మరొకరి పేరుకు మార్చడమా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఈలోపు దాన్ని తాళం ఉన్న పెట్టెలో పెట్టించి, ఆ తాళంచెవి ఆయన దగ్గర లేకుండా చూడండి.