కార్డు మీద మల్లెపువ్వుకు వాసన రాదు కదా!

పిల్లల పెంపకం: మీ ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

బడులు తెరిచే నెల కదా, ఈసారి ఉత్తరాల్లో సగం ఫ్లాష్ కార్డుల గోలే. అందులోనూ పంచేంద్రియాల కార్డుల గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబు రాస్తున్నాను. తమ ఉత్తరం కనబడలేదని ఎవరూ అలగకండి.

ప్రశ్న: టీచరుగారికి నమస్కారం. మా పాపకు మూడున్నరేళ్ళు. బళ్ళో వేసేలోపు కాస్త తెలిసి ఉంటుందని ఐదు ఇంద్రియాల కార్డుల సెట్టు కొన్నాను. వారం తిరక్కుండానే అన్నీ వచ్చేశాయి. ముక్కు బొమ్మ చూపిస్తే ‘స్మెల్’ అంటుంది, చెవి చూపిస్తే ‘హియర్’ అంటుంది. మొన్న పొయ్యి మీద పాలు అడుగంటాయి. ‘ఏం వాసన వస్తోంది తల్లీ?’ అంటే బిక్కమొహం వేసింది. అంతా వచ్చినట్టే ఉంది, ఏమీ రానట్టూ ఉంది. లోపం ఎక్కడ?
(ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: లోపం పాపలో లేదమ్మా. మీరు కొన్న సెట్టులో ఉన్నవన్నీ కంటికి పనిచెప్పే కార్డులే. ముక్కు కార్డునైనా, చెవి కార్డునైనా చూసేది కన్నే. పాప కంఠస్థం చేసింది బొమ్మకూ మాటకూ ఉన్న జోడీని. అడుగంటిన పాల వాసనకు జోడీ మాట ఆ పెట్టెలో లేదు. మీరూ ఎప్పుడూ చెప్పి ఉండరు.

నేను సామర్లకోటలో బాలబడి నడిపినన్నాళ్ళూ ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. ముందు వస్తువు, తర్వాత మాట, ఆఖరున కార్డు. ఈ వరస తిరగబడితే మీ ఇంట్లో జరిగినట్టే జరుగుతుంది.

ఒక వారం పూర్తిగా ముక్కుకే ఇవ్వండి. మూతలున్న చిన్న స్టీలు డబ్బీలు తీసుకోండి. ఖాళీ మందుసీసాలు మాత్రం వద్దు, మందుసీసా ఆటవస్తువని పిల్లకు మనమే నేర్పినట్టవుతుంది. ఒకదాంట్లో ఇంగువ, ఒకదాంట్లో వేయించిన జీలకర్ర, ఒకదాంట్లో కాఫీపొడి, ఇంకోదాంట్లో నలిపిన కరివేపాకు వేసి, పైన పల్చటి గుడ్డ కట్టండి. కళ్ళకు గంతలు కట్టొద్దు, కొందరు పిల్లలు బెదిరిపోతారు. తన చేత్తో తనే కళ్ళు మూసుకుంటే చాలు. ఒక పూటకు నాలుగు వాసనలు దాటనివ్వకండి. అంతకు మించితే ముక్కు మొద్దుబారి, పిల్ల ‘అన్నీ ఒకటే’ అంటుంది. అది అబద్ధమూ కాదు, బద్ధకమూ కాదు.

పేర్లు నేర్పడానికి మూడు మెట్లున్నాయి. మాంటిస్సోరీ పద్ధతిలో శిక్షణ పొందిన టీచర్లందరికీ తెలిసిన సంగతే ఇది. మారియా మాంటిస్సోరీ 1907లో రోములో మొదటి బడి పెట్టింది. 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చింది. మొదటి మెట్టు: ‘ఇది ఇంగువ, ఇది జీలకర్ర’ అని మనం చెప్పడం. రెండోది: ‘ఇంగువ ఏదీ? నాన్నకు ఇచ్చి రా, మళ్ళీ తెచ్చి ఇక్కడ పెట్టు’ అని పిల్లతో ఆడించడం. మూడోది: ‘ఇదేమిటి?’ అని అడగడం. మన ఇళ్ళల్లో మొదటి మెట్టు మీద నుంచి మూడోదాని మీదకు దూకేస్తాం. చుట్టాలొచ్చినప్పుడు మరీనూ. ‘చెప్పమ్మా, అంకుల్‌కి చెప్పు’ అని పిల్ల ప్రాణం తీస్తాం. ఎక్కువసేపు ఆడుకోవాల్సింది రెండో మెట్టు మీద. అక్కడ పిల్ల నోరు విప్పక్కర్లేదు, తప్పు చెబుతానేమోనన్న బెరుకూ ఉండదు.

ఈ ఆట నలిగాక కార్డు తీయండి. కరివేపాకు బొమ్మ ఉన్న కార్డును ఏ డబ్బీ పక్కన పెట్టాలో పాపే వాసన చూసి తేల్చాలి. ఇప్పుడు కార్డుకు ఒక పని దొరికింది. ముక్కు చెప్పినదాన్ని కన్నుతో సరిచూసుకోవడమే ఆ పని.

మాటల సంగతి కూడా చూడండి. వాసన అనగానే మన పిల్లలకు ‘బాగుంది’, ‘ఛీ’ తప్ప మూడో మాట రాదు. వంట చేస్తూ మీరు పైకి అంటూ ఉండండి: మాడు వాసన, పచ్చి వాసన, నీచు వాసన, ముక్కిన బియ్యం వాసన, కొత్త చీర వాసన, వాన పడగానే మట్టి వాసన. పాలు మళ్ళీ అడుగంటకపోవుగానీ, అంటినప్పుడు పాపే మిమ్మల్ని కేకేస్తుంది.

స్పర్శకైతే ఒక గుడ్డసంచీ చాలు. గరిటె, దువ్వెన, కొబ్బరిపీచు, పట్టుగుడ్డ ముక్క, కాకరకాయ వేసి, లోపలికి చూడకుండా చెయ్యిపెట్టి చెప్పమనండి. మా బడిలో ఒక బుడ్డోడు కాకరకాయ తగలగానే చెయ్యి లాక్కుని ‘మొసలి!’ అని అరిచాడు. మిగతావాళ్ళంతా మొసలిని ముట్టుకోవడానికి వరస కట్టారు. వాడు మొసలిని చూసింది బొమ్మలోనే. వేళ్ళకు తగిలిన గరుకును ఆ బొమ్మతో కలిపాడు. మీరు కొన్న సెట్టు చేయాల్సింది సరిగ్గా ఆ పనే, కాబట్టి దాన్ని పారేయకండి.

రెండు జాగ్రత్తలు. వాసనల ఆటలో కర్పూరం, కలరా ఉండలు వాడనే వద్దు. రెండూ పటికబెల్లంలా కనిపిస్తాయి, రెండూ మింగితే ప్రమాదం. కొంచెం కర్పూరానికే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఇక గింజలు. శబ్దం కోసం డబ్బాలో శనగలో, చింతపిక్కలో వేసి గలగలలాడిస్తుంటారు. మూత టేపుతో గట్టిగా చుట్టండి. ఒలికిన గింజ పిల్ల ముక్కులోకి పోవడానికి రెప్పపాటు చాలు. ఒక్క ముక్కుపుటం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే జలుబని ఊరుకోకండి, లోపల ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. పిన్నీసుతో కెలక్కుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా మనవడి కార్డులో నాలుక బొమ్మ వేసి కొసన తీపి, వెనక చేదు, పక్కల పులుపు, ఉప్పు అని రంగులతో గడులు గీశారు. వాడు బెల్లంముక్కను నాలుక వెనక పెట్టుకుని ‘తాతయ్యా, ఇక్కడా తియ్యగానే ఉంది’ అంటున్నాడు. ఏం చెప్పను? పైగా మనకు షడ్రుచులు కదా, కార్డులో నాలుగే ఉన్నాయేమిటి?
(ఒక తాతయ్య, అనకాపల్లి)

జవాబు: నమస్కారమండీ. మీ మనవడిదే రైటు, కార్డుదే తప్పు. నాలుకకు అలాంటి గడులేమీ లేవు. రుచి తెలిసిన చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి. 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త, ఏ రుచి నాలుక మీద ఎక్కడ కాస్త తేలిగ్గా అందుతుందో కొలిచాడు. తేడాలు చాలా స్వల్పం. తర్వాతివాళ్ళు ఆ స్వల్పాన్ని సాగదీసి సరిహద్దులు గీసేశారు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ బొమ్మ ఇంకా దిగలేదు. బెల్లంముక్కతో మీవాడు చేసిన పరీక్షను మీరూ చేయండి, ఇద్దరూ కలిసి ఆ గడుల మీద పెన్సిలుతో కొట్టివేయండి. అచ్చులో ఉన్నదల్లా నిజం కాదని నాలుగేళ్ళకే తెలియడం మంచిదే.

షడ్రుచుల సంగతి ఇంకా రసవత్తరంగా ఉంటుంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు: ఇవి నాలుక మీది రుచిమొగ్గలు పట్టుకునేవి. వీటికి తోడు ఐదోది ఒకటుందని 1908లో జపాన్‌లో ఇకెడా అనే ఆయన సముద్రపు నాచు రసంలో కనిపెట్టాడు, దాన్ని ఉమామి అంటారు. మన కారం మాత్రం శాస్త్రం లెక్కలో రుచి కాదు, మంట. మిరపకాయలోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నాడుల మీటనే నొక్కుతుంది. ఆ మీట ఏమిటో తేల్చినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. స్పర్శ గుట్టు విప్పిన ఆర్డెమ్ పటాపూటియన్ అందులో సగం పంచుకున్నాడు. మనవడికి ఇంత చెప్పక్కర్లేదు. మిరపకాయలు తరిగిన అమ్మమ్మ చెయ్యి మండుతుంది కదా, చేతికి నాలుక ఉందా అని అడగండి, చాలు. వగరూ అంతే. పచ్చి అరటికాయో, లేత మామిడిపిందో కొరికితే నోరు పిడచకట్టినట్టవుతుంది చూశారా, అది ఎక్కువగా స్పర్శ పనే.

అలాగని ఉగాదికి ఆరు రుచులనడం మానేస్తామా? మానం. నోట్లో పెట్టుకున్నదాన్ని నాలుక, చర్మం, ముక్కు కలిసి చెబుతాయని మనవాళ్ళు అంతటినీ రుచి అనే అన్నారు, నాకైతే అందులో తప్పేమీ కనబడదు. ముక్కు వాటా ఎంతో తెలియాలంటే యాలకులు వేసిన పాయసం ముక్కు మూసుకుని తినిపించండి. తీపి తెలుస్తుంది, యాలకులు తెలియవు. ముక్కు వదలగానే యాలకులు గుప్పుమంటాయి. ఆ క్షణాన పిల్లవాడి మొహం చూడ్డానికైనా ఈ ఆట ఆడాలి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు. శబ్దాలు వినిపించి సరైన కార్డు తీయమంటే చెల్లెలు ముందు తీస్తోంది, వీడు దిక్కులు చూస్తున్నాడు. టీవీ సౌండు పెంచుకుంటాడు. బద్ధకమా, తెలివి తక్కువా?
(ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: రెండూ అనకండి నాయనా, వాడు వింటాడు. అసలు వింటున్నాడా లేదా అన్నదే ముందు తేలాలి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగిస్తుంది. నొప్పి లేకపోతే ఎవరికీ తెలియదు. ఒకరోజు బాగా వినబడి, ఇంకోరోజు వినబడకపోవడంతో ‘కావాలనే చేస్తున్నాడు’ అనుకుంటాం. ఈ కార్డుల ఆటతో మీకు తెలియకుండానే మీరు ఒక పరీక్ష పెట్టారు. దాని ఫలితాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. వెనక నుంచి మామూలు గొంతుతో పిలిస్తే పలుకుతున్నాడా, మాటలు వయసుకు తగ్గట్టు వచ్చాయా అన్నవి రాసిపెట్టుకుని వెళ్ళండి. ప్రభుత్వం 2013 నుంచి నడుపుతున్న బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వైద్య బృందాలు వస్తాయి, పరీక్ష ఉచితం. వాళ్ళు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ముందే వెళ్ళండి.

కార్డును ముక్కుకు ఆనించుకుని చూసే పిల్లల్నీ, తల ఓరగా వంచి చూసే పిల్లల్నీ కంటి డాక్టరుకు చూపించాలి. ఒక కన్ను బలహీనంగా ఉంటే చిన్నప్పుడే పట్టుకోవాలి, ఆలస్యమైన కొద్దీ బాగుచేయడం కష్టమవుతుంది.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. ఇప్పటి నుంచే ఫోనులో కార్డుల వీడియోలు చూపిస్తే మెదడు చురుగ్గా ఉంటుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: వద్దమ్మా. రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రెండేళ్ళు దాటాక కూడా రోజుకు గంట మించకూడదంది. ఎనిమిది నెలల పిల్లకు నోరే పెద్ద బడి. ఏది దొరికినా అక్కడికే పోతుంది. గొంతుకు అడ్డం పడనంత పెద్దవి, కడిగినవి చేతికివ్వండి: స్టీలు గ్లాసు, చెక్క గరిటె, తడిగుడ్డ. రుచి చూపిస్తానని ఏడాది లోపు తేనె మాత్రం నాకించకండి, పసిపిల్లలకు అది ప్రమాదం. ఆడపడుచుగారితో వాదన ఎందుకు? పాపను ఆవిడ ఒళ్ళో పెట్టి ఒక పాట పాడమనండి.

ప్రశ్న: అమ్మా, నేను ఉట్నూరు దగ్గర అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై దాకా పిల్లలుంటారు. రంగుల కార్డులు కొనే స్తోమత లేదు. చేత్తో చేసుకోవచ్చా?
(ఒక టీచరు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: కొన్నవాటికంటే చేసుకున్నవే మేలు తల్లీ. కొన్న కార్డులో స్ట్రాబెర్రీ ఉంటుంది, మీ పిల్లలు ఎరిగింది ఇప్పపువ్వు, రేగుపండు, తునికిపండు. ఊళ్ళో పెళ్ళిళ్ళయ్యాక శుభలేఖలు అడిగి తెచ్చుకోండి, అంత మంచి అట్ట బజార్లోనూ దొరకదు. అచ్చు లేని వైపు వాడండి. బొమ్మ వేయడం రాదని బెంగ వద్దు. స్పర్శ కార్డుకు బొమ్మే అక్కర్లేదు: ఒకదాని మీద ఇసుక, ఒకదాని మీద దూది, ఒకదాని మీద గోనెముక్క, ఒకదాని మీద ఎండిన మోదుగాకు అంటించండి. ఒక్కోటి రెండేసి చేస్తే కళ్ళు మూసుకుని జత కలిపే ఆట తయారు. వాసన కార్డు మీద పసుపుకొమ్ము రుద్దండి, ఇంకోదాని మీద వెల్లుల్లి. వాసన పోయాక మళ్ళీ రుద్దడం పిల్లలకే అప్పగించండి, ఆ పని కోసం కొట్టుకుంటారు.

ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లలుంటే ముందు వాళ్ళ మాటే అననివ్వండి, తర్వాత తెలుగు మాట. మీకు రాకపోతే ఆయానో, బిడ్డను దింపడానికి వచ్చిన తల్లినో అడగండి. తల్లులకు అది చెప్పలేనంత సంతోషం.

ఇరవై మందికి ఒకేసారి కార్డు ఎత్తి చూపించడం దండగ, వెనక వరసకు అట్ట తప్ప ఏమీ కనబడదు. నలుగురేసి కూర్చోబెట్టి, మిగతావాళ్ళకు ఇసుకో మట్టో ఇచ్చి ఆయాకు అప్పజెప్పండి. తళుకుపొడి రాలే శుభలేఖలు మాత్రం పక్కన పడేయండి, అది కళ్ళలో పడితే ఆ పూటంతా ఏడుపే.