యుద్ధంలో గూఢచారిగా పనిచేసే ఆడవాళ్ళకి నిజమైన స్నేహితురాళ్ళు ఉండేవాళ్ళా?

ప్రశ్న అడిగినావిడ కింద ఇంకో మాట కూడా చేర్చినారు, "పేరే అబద్ధం, ఊరే అబద్ధం అయినప్పుడు ఇంక స్నేహం మాత్రం నిజం ఎట్లవుతుంది" అని. ఉండేవాళ్ళండీ, బాగానే ఉండేవాళ్ళు. కాకపోతే "నా దగ్గర కూడా దాస్తావా" అని అలిగే రకం స్నేహం అక్కడ పనికిరాదు, ప్రాణాల మీదికొస్తుంది. అడగాల్సింది అడక్కుండా ఉండగలిగితేనే అక్కడ స్నేహితురాలు. ఈ మాట నాకు ముందు తెలిసింది మా జేజి (నాయనమ్మ) దగ్గర, రెండో ప్రపంచ యుద్ధంలో గూఢచారిగా పనిచేసిన నూర్ ఇనాయత్ ఖాన్ గురించి చదివింది చాలా తర్వాత. నేను కర్నూల్లో బ్యాంకులో పనిచేస్తా, చరిత్ర నా సబ్జెక్టు కాదు, కానీ ఈ ఒక్క విషయం మాత్రం దొరికినంత చదివినా.

నూర్ సంగతి తెలియనోళ్ళ కోసం కొంచెం చెప్తా. 1914లో మాస్కోలో పుట్టింది, వాళ్ళ నాయన బరోడా నుంచి పోయిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు, అమ్మ అమెరికన్. నాయన వైపు టిప్పు సుల్తాన్ వంశం. (టిప్పు మనకేమీ దూరపు మనిషి కాదు, కడప, అనంతపురం వైపు ఊర్లు హైదర్, టిప్పుల కింద ఉండి, తర్వాత నిజాం చేతికి పోయి, ఆయన 1800లో ఇంగ్లీషోళ్ళకి రాసిచ్చేస్తేనే కదా దత్తమండలాలు అయినాయి. ఆ టిప్పుని చంపిన ఇంగ్లీషోళ్ళ తరఫునే ఆయన వంశం పిల్ల పోయి ప్రాణం ఇచ్చింది, ఏం చెప్తాం.) పారిస్ పక్కన సురేన్ అనే ఊర్లో పెరిగింది, హార్ప్ వాయించేది, పిల్లల కోసం జాతక కథలు ఇంగ్లీషులో రాసింది. అట్లాంటి మనిషిని 1943 జూన్‌లో రాత్రిపూట చిన్న విమానంలో తీసుకెళ్ళి జర్మన్ల కింద ఉన్న ఫ్రాన్స్‌లో దింపినారు, అక్కడికి పోయిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. అదే రాత్రి ఆమెతో పాటు డయానా రౌడెన్, సిసిలీ లెఫోర్ అని ఇంకో ఇద్దరు దిగినారు. ముగ్గుర్లో ఒక్కరూ తిరిగి రాలేదు.

పంపింది ఎస్.ఓ.ఇ. అనే బ్రిటిష్ రహస్య సంస్థ. అక్కడ ట్రైనింగ్‌లోనే గట్టిగా చెప్పేవాళ్ళు, అసలు పేరు తోటివాళ్ళకి కూడా తెలియకూడదు, ఎవరికి ఎంత అవసరమో అంతే తెలియాలి అని. నీకు తెలియంది నిన్ను ఎంత కొట్టినా నీ నోట్లోంచి రాదు, అంతే లాజిక్. నూర్ పోయిన పది రోజుల్లోపే పారిస్‌లో ఆమె కలిసి పనిచేయాల్సిన గూఢచారుల నెట్‌వర్క్ మొత్తం పట్టుబడడం మొదలైంది, వెనక్కి వచ్చేయమని లండన్ అడిగినా ఆమె రాలేదు, వైర్‌లెస్ సెట్టున్న పెట్టె చేత్తో పట్టుకుని ఇల్లు మార్చి ఇల్లు మార్చి మెసేజ్‌లు పంపుతూనే ఉంది. మరి ఇండ్లు ఎవరిచ్చినారు? రూల్ ప్రకారం తెలిసినోళ్ళున్న ఊరికి పోనే కూడదు. ఈమె నేరుగా సురేన్ పోయి చిన్ననాటి స్నేహితురాలి ఇంటి తలుపు కొట్టింది. వాళ్ళు తీసినారు కూడా. ఆ పెట్టె ఇంట్లో దొరికితే ఇంటిల్లిపాదీ పోతామని తెలియనంత అమాయకులేం కాదు వాళ్ళు. దీన్ని మీరు నిజం స్నేహం అనరా?

అక్టోబర్‌లో దొరికిపోయింది. పారిపోవాలని చూసింది, కుదర్లేదు, నవంబర్‌లో జర్మనీలో ఫోర్జ్‌హైమ్ అనే ఊరి జైలుకి పంపినారు. చేతులకీ కాళ్ళకీ సంకెళ్ళు, ఒంటరి గది, ఎవరితో మాట్లాడనీయరు. అదే జైల్లో వేరే గదిలో ఫ్రెంచ్ ఆడవాళ్ళు కొందరుండేవాళ్ళు, యోలాండ్ లగ్రావ్ అని ఒకామె వాళ్ళలో. అన్నం గిన్నెలు అన్ని గదులకీ తిరిగి తిరిగి వస్తాయి కదా, వీళ్ళు గిన్నె అడుగున సూదితో గీకి నాలుగు ముక్కలు రాసి పంపితే, నూర్ కూడా గిన్నె అడుగునే జవాబు గీకింది. తన పేరు "నోరా బేకర్" అని, లండన్‌లో వాళ్ళమ్మ ఇంటి అడ్రసు. పైన కూడు, కింద ఉత్తరం. కాపలావాళ్ళు గిన్నె లోపలే చూస్తారు గానీ తిరగేసి ఎవరు చూస్తారు!

గిన్నె దగ్గరే నాకు మా జేజి గుర్తొచ్చింది.

మాది కర్నూలు జిల్లాలో రెండు వర్గాలున్న ఊరు. మా జేజికి ఒక జతగత్తె, ఇద్దరూ ఒకే ఊరి ఆడపిల్లలు, ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చినారు, కానీ ఒకరు ఈ వర్గం ఇంటికి ఒకరు ఆ వర్గం ఇంటికి. మొదటి ఖూనీ జరిగేదాకా బాగానే ఉంది, తర్వాత మాటల్లేవు, ఆ వీధికి పోతే కాళ్ళిరగ్గొడతానని మా అబ్బ (తాత) చెప్పేసినాడంట. ఊర్లో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకామె ఉండేది, రవికెలు కుట్టించుకోడానికి రెండు పక్కల ఆడవాళ్ళూ ఆమె దగ్గరికే పోవాల. పండగొస్తే మా జేజి సత్తుగిన్నెలో నాలుగు బచ్చాలు పెట్టి రవికె గుడ్డలో చుట్టి ఆమె దగ్గర పెట్టేది, అవతలామె తీసుకునేది, గిన్నె తిరిగి వచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండేది, పిడికెడు శెనక్కాయలో, ఒక బెల్లం ముక్కో, ఏం లేకపోతే పసుపు కొమ్మన్నా. గిన్నె ఖాళీగా తిరిగి ఇయ్యకూడదు కదా మనలో.

ఒక రోజు పొద్దున్నే గిన్నె ఖాళీగా వచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా. ఆ రోజు కోర్టు వాయిదా, మా అబ్బా ఇంకొందరూ బాడిగ జీపులో పోవాల్సిన రోజు. వాళ్ళిద్దరూ ముందుగా ఏ గుర్తూ పెట్టుకోలేదు, ఖాళీ గిన్నె వస్తే ఇట్లని అనుకోలేదు. మా జేజి ఆ గిన్నె చూసి, ఒక్క నిమిషం నిలబడి, కడుపునొప్పి అని కింద పడి దొర్లడం మొదలుపెట్టింది. వాంతులు చేసుకోడానికి గొంతులో వేలు పెట్టుకున్నానని చెప్పింది నాకు. అబ్బ తిట్టుకుంటా ఆగిపోయినాడు, జీపు పోయింది. కల్వర్టు దగ్గర బాంబులేసినారు. జీపు డ్రైవర్ పిల్లోడు చచ్చిపోయినాడు, వాడు ఈ వర్గమూ కాదు ఆ వర్గమూ కాదు.

ఇదంతా నాకు శెనక్కాయలు ఒలుస్తా చెప్పింది, అబ్బ పోయినాక. అబ్బకి చచ్చేదాకా చెప్పలేదు. "జీపునే ఆపించొచ్చు కదా జేజీ" అన్నా నేను. ఒలవడం ఆపకుండానే, "అందర్నీ ఆపితే నీకెవరు సెప్పినారే అంటారు గదమ్మా. నేను సెప్పకపోయినా అనుమానం యాడికి పోతాది? దాన్ని వాళ్ళింట్లోనే నరుకుతారు" అంది. తర్వాత ఎప్పుడూ ఆమెను అడగలేదా అన్నా. కక్షలు సల్లబడినాక ఏదో పెండ్లిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారంట, శెనక్కాయల రేటు, కోడళ్ళ సంగతులు మాట్లాడుకున్నారంట గానీ గిన్నె ఊసే ఎత్తలేదంట. "అడిగితే అది సెప్పాల. సెప్తే మొగుడి గుట్టు బయట పెట్టినట్లయితాది. ఏంటికి మే దానికి ఆ కష్టం?"

డ్రైవర్ పిల్లోడి అమ్మకి మాత్రం ప్రతి సంక్రాంతికీ బియ్యం పంపేది మా జేజి. ఎందుకని ఎవరూ అడగలేదు.

మా చిన్నాన్నతో ఒకసారి అంటే, అది స్నేహం కాదు స్వార్థం, తన మొగుణ్ణి కాపాడుకుంది అంతే అన్నాడు. ఆయన మాట తీసేయలేం. కానీ యుద్ధంలో ఈ పని చేసేవాళ్ళందరికీ ఇదే లెక్క ఎదురవుతుంది, ఒకరిని కాపాడితే ఇంకొకరు పోతారు, ఎవరికి చెప్తే ఎవరు బయటపడతారు అని. నూర్ విషయంలోనూ ఇది ఇంకా ఘోరంగా జరిగింది. ఆమె పంపిన మెసేజ్‌లన్నీ నోటుబుక్కులో రాసి పెట్టుకునేది, పట్టుకున్నప్పుడు ఆ బుక్కూ ఆ సెట్టూ గెస్టపో, అంటే హిట్లర్ రహస్య పోలీసుల, చేతికి పోయినాయి. వాళ్ళు ఆమె పేరుతోనే లండన్‌కి మెసేజ్‌లు కొట్టడం మొదలుపెట్టినారు. లండన్‌లో కొందరికి అనుమానం వచ్చినా పెద్దాఫీసర్లు పక్కన పెట్టేసి, ఆ మెసేజ్‌లని నమ్మి 1944 ఫిబ్రవరి చివర్లో మడెలీన్ డామెర్మాన్ అనే అమ్మాయినీ ఇంకో ఇద్దరు మగవాళ్ళనీ పారాచూట్‌లో దింపినారు. కింద గెస్టపో రెడీగా నిలబడి ఉంది. నాకు కోపం వచ్చేది నూర్ మీద కాదు, లండన్‌లో కుర్చీల్లో కూర్చున్నోళ్ళ మీద.

1944 సెప్టెంబర్ 12న నూర్‌నీ, ఆ మడెలీన్‌నీ, యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్ అనే ఇంకో ఇద్దరినీ కలిపి రైల్లో దాహౌ అనే నాజీ క్యాంపుకి తీసుకుపోయినారు. కాపలాగా పోయిన గెస్టపో మనిషి యుద్ధం అయినాక వాంగ్మూలం ఇచ్చినాడు, కిటికీల పక్కన కూర్చుని నలుగురూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటూనే ఉన్నారని. నెలల తరబడి సంకెళ్ళలో ఒంటరిగా ఉన్న మనిషికి పక్కన తన భాష మాట్లాడేవాళ్ళు ముగ్గురు దొరికినారు, ఒక్క రోజు. 13న తెల్లారి నలుగురినీ కాల్చేసినారు.

మడెలీన్‌కి అంతకుముందు కార్ల్స్‌రూహె జైల్లో ఒక జర్మన్ స్నేహితురాలుండేది, హెడ్విగ్ ముల్లర్ అని నర్సు, హిట్లర్ మీద జోకు వేసిందని లోపలేసినారు. శత్రువు దేశం మనిషే చూడండి. యుద్ధం అయినాక వేరా అట్‌కిన్స్ అనే ఆఫీసర్, ఈ అమ్మాయిలని పంపిన సెక్షన్‌లోనే పనిచేసినామె, కనపడకుండా పోయినవాళ్ళు ఏమైనారో తెలుసుకోవాలని జర్మనీ అంతా తిరిగింది, అప్పుడు ఈ హెడ్విగ్ చెప్పిన వివరాలు బాగా పనికొచ్చినాయి. నూర్ సంగతైతే ఇంకా చిత్రం, ఆమె 1944 జూలైలో నాట్స్‌వైలర్ క్యాంపులో చనిపోయిందని మొదట తప్పుగా తేల్చేసినారు. ఫోర్జ్‌హైమ్ నుంచి బతికి బయటపడిన యోలాండ్ లగ్రావ్ చెప్పడంతో, జూలై తర్వాత కూడా నూర్ అక్కడే ఉందని తెలిసి లెక్క సరి అయింది. 1949లో బ్రిటన్ ఆమెకి జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. ఆ గిన్నెలు తిరక్కపోయుంటే ఆమె ఎక్కడ చనిపోయిందో కూడా తప్పుగానే మిగిలిపోయేదేమో.

మనవాళ్ళలో కావాలంటే సరస్వతి రాజామణి ఉంది, రంగూన్‌లో పుట్టిన తమిళ కుటుంబం పిల్ల, ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం మగపిల్లోడి వేషంలో బ్రిటిష్ ఆఫీసర్ల ఇండ్లలో పనికి కుదిరింది. తనతో పాటు దుర్గ అని జతగత్తె. దొరికితే కాల్చుకుని చావాలి గానీ ప్రాణంతో చిక్కకూడదని వాళ్ళకి ఆర్డర్. దుర్గ దొరికిపోయింది. రాజామణి వదిలి పోలేదు, నాట్యం చేసే అమ్మాయి వేషంలో లోపలికి పోయి కాపలావాళ్ళకి మత్తుమందు పెట్టి దుర్గని బయటికి తెచ్చింది, పారిపోతుంటే కాల్లో గుండు దిగింది, చెట్టెక్కి మూడు రోజులు దాక్కున్నారు. ఆమె స్వయంగా ఇంటర్వ్యూల్లో చెప్పిన కథ ఇది, 2018లో చెన్నైలో పోయింది. నూర్ కథ చదివి గుండె బరువైనోళ్ళు ఇది చదవండి.

స్నేహితులే పట్టించిన కేసులు లేవా అంటే ఎందుకు లేవు. నూర్ అడ్రసు లక్ష ఫ్రాంకులకి అమ్మిందని ఆమెతో పనిచేసిన వ్యక్తి తోడబుట్టినామె మీదే 1949లో కేసు నడిచింది, కోర్టు వదిలేసింది. అందుకే నేను ఆడవాళ్ళ స్నేహం గొప్పదని జెండా ఏమీ ఎగరేయట్లేదు. మీరడిగింది పేరు అబద్ధమైతే స్నేహం నిజమవుతుందా అని. ఫోర్జ్‌హైమ్‌లో లగ్రావ్‌కి తెలిసిన పేరు నోరా బేకర్, నూర్ కాదు, అయినా ఆమె మర్చిపోలేదు.

మా జేజి జతగత్తె మనవరాలు ఇప్పుడు కర్నూల్లోనే ఉంటుంది, మా పిల్లలూ వాళ్ళ పిల్లలూ ఒకే స్కూలు, సాయంత్రాలు గేటు దగ్గర కలుస్తాం. ఆమెకి వాళ్ళవ్వ ఏం చేసిందో తెలుసో తెలీదో, నేనైతే ఎత్తలేదు. ఇక్కడ కూడా గుర్తుపట్టకుండా రెండు మూడు వివరాలు మార్చే రాసినా, ఊరు ఏదని మాత్రం అడగొద్దండీ.