ఆ గొడవకి కూలి ఎవరిచ్చారు?

అమ్మాయ్,

బ్రిటన్ మోడల్, టీవీ తార కేటీ ప్రైస్ మీద నువ్వు రాసి పంపిన కథనం ఫైలు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. నలభై రెండు పేజీలు. పదకొండో పేజీ దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. ఆ పూట ఇంక చదవలేకపోయాను.

ఆ పేజీలో నువ్వు ఒక జోకు తెలుగు చేశావు. 2010 డిసెంబరులో బ్రిటన్ చానల్ ఫోర్‌లో ఫ్రాంకీ బాయిల్ అనే కమెడియన్ కేటీ ప్రైస్ కొడుకు హార్వీ మీద వేసిన జోకు. అప్పటికి ఆ పిల్లాడికి ఎనిమిదేళ్లు. చూపు సరిగా లేదు, ఆటిజం ఉంది. జోకు ఎంత ఘోరమో పాఠకుడికి తెలియాలని మొత్తం పెట్టానని కింద నువ్వే రాసుకున్నావు. తీసెయ్ తల్లీ. పిల్లాడి మీద బురద పడిందని చెప్పడానికి మళ్లీ గుప్పెడు బురద తీసి వాడి మీదే చల్లక్కర్లేదు. ఆ కార్యక్రమం నిబంధనలు మీరిందని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2011లో తేల్చింది. ఆ ఒక్క వాక్యం రాయి. జోకులోని మాటలు ఒక్కటి కూడా తెలుగులోకి రానక్కర్లేదు.

నీ భాష బాగుంది, వాక్యం తడబడకుండా నడుస్తుంది. ఇంక కోపం తెప్పించిన వాటి సంగతికి వస్తాను.

'కేటీ మళ్లీ గొడవకు దిగింది' అనే మాట ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లు ఉంది. తోటి మోడల్ జోడీ మార్ష్‌తో దిగింది, మాజీ భర్త పీటర్ ఆండ్రేతో దిగింది, పేపర్లతో దిగింది. గోదాట్లోకి స్నానానికి దిగినట్టు ఆవిడ ఒక్కతే దిగుతూ ఉంటుంది నీ పేజీల్లో. గట్టు మీద టికెట్లు అమ్మినవాళ్లు ఏరి? నీళ్లలోకి నెట్టినవాళ్లు ఏరి? పైకొచ్చాక తడిబట్టల్లో ఫొటో తీసి అమ్ముకున్నవాళ్లు ఏరి? ఒక్కరూ కనపడరు.

నేనిలా ఎందుకు అంటున్నానో నీకు తెలియాలంటే 1984 సంగతి ఒకటి చెప్పాలి. అప్పుడు నేను మద్రాసులో, వడపళని దగ్గర ఒక సినిమా వీక్లీలో సబ్‌ ఎడిటర్ని. ఇరవై నాలుగేళ్లు. క్లబ్ డాన్సులు చేసే ఒక నటి ఆత్మకథ మా వీక్లీలో సీరియల్‌గా వచ్చేది. రాసేది నేను, పేరు ఆవిడది. వారానికి అరవై రూపాయలు నాకు అదనంగా ఇచ్చేవారు. ఆవిడకి పైసా ఇచ్చేవారు కాదు, పబ్లిసిటీయే ఇస్తున్నాం కదా అనేవారు. ఆవిడ పేరు చెప్పను.

ఎనిమిదో వారానికి మా ఎడిటర్ గ్యాలీ ప్రూఫు, అంటే అచ్చుకి ముందు దిద్దుకునే కాగితం, నా టేబుల్ మీద పడేసి, "వాళ్లమ్మ పెట్టిన పెరుగన్నం ఎవడిక్కావాలయ్యా? ఈ వారం ఎవర్ని తిట్టిందో రాయి" అన్నాడు. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. నేను తిట్టించాను. ఇంకో డాన్సర్ని 'పాత సామాను' అందని రాశాను. ఆ మాట నాదే. రాసినప్పుడు బాగా కుదిరిందని సంబరపడ్డాను కూడా.

తర్వాతి వారం మ్యాటర్ కోసం సాలిగ్రామంలో వాళ్లింటికి వెళ్లాను. నైట్ షూటింగ్ చేసి వచ్చి, వేడి ఉప్పునీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. హైహీల్స్ ఒరుసుకుని రెండు మడమల వెనకా తోలు లేచిపోయి, నీళ్లు తగిలినప్పుడల్లా పళ్లు బిగపడుతోంది. వీక్లీ పక్కనే ఉంది. "తమ్ముడూ, ఈ మాట నేనెప్పుడన్నాను?" అంది. నేను ఎడిటర్ గారు అని ఏదో నసిగాను. "రేపు మా ఇద్దరికీ ఒకే సెట్టు. మేకప్ రూమ్ కూడా ఒకటే. నువ్వొచ్చి చెప్తావా, నేననలేదని?" అంది. గొంతు పెంచలేదు. నాకు కాఫీ తెమ్మని లోపలికి కేకేసింది.

మూడు వారాలకి రెండో డాన్సర్ జవాబు ఇంకో వీక్లీలో వచ్చింది. మండిపడుతూ రాసిన జవాబు. అది రాసింది ఎవరో తెలుసా? నాతోపాటు ఒకే గదిలో ఉండే నెల్లూరు కుర్రాడు. ఇద్దరం ఒకే మెస్సులో తినేవాళ్లం, ఒకే బడ్డీ దగ్గర టీ తాగేవాళ్లం. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య యుద్ధం అని ఊరంతా చెప్పుకున్నది మేమిద్దరం రెండు స్టీలు గ్లాసుల మధ్య కూర్చుని కట్టిన కథ. ఆ నెల ప్రింట్ ఆర్డరు పెరిగిందని మా మేనేజరు ఆఫీసులో స్వీట్లు పంచాడు. నేను కూడా తిన్నాను. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పట్నుంచి నాకు ఒకటే పట్టుదల. పేపర్లో పడ్డ గొడవ అంటే కోపమో అసూయో కాదు, అదొక పని. పని అన్నాక చేయించినవాడు ఉంటాడు, చేసినవాళ్లు ఉంటారు, కూలి ఉంటుంది. గొడవ రాసిన ప్రతిచోటా కూలి ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో రాయాల్సిందే. రాయలేకపోతే ఆ గొడవ రాయకు. ఈ మాట మీద నాతో వాదించకు, నేను వినను.

నీ కథలో ఇది రాయడానికి ఎంత సరుకు ఉందో చూడు. 2004లో ఆస్ట్రేలియా అడవిలో ఐటీవీ వాళ్లు తీసిన షోలో కేటీ, పీటర్ ఆండ్రే కలిశారు. 2005 సెప్టెంబరులో హైక్లేర్ కాజిల్‌లో పెళ్లి. ఆ పెళ్లి ఫొటోల హక్కులు ఓకే పత్రిక కొనుక్కుంది. కాపురం మీద టీవీ సిరీస్ నడిచింది. 2009 మేలో విడిపోతున్నామని ప్రకటించారు. తర్వాత ఏమైంది? ఐటీవీ టూ చానల్లోనే ఆవిడకో షో, ఆయనకో షో. కాపురమప్పుడు ఒక కార్యక్రమం అమ్మిన చానల్ విడాకులప్పుడు రెండు అమ్ముకుంది. ఇది నీ ముప్పై ఒకటో పేజీలో ఒక బ్రాకెట్లో ఉంది! నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బలమైన ముక్కని తీసుకెళ్లి బ్రాకెట్లో దాచిపెట్టావు. బయటికి లాగి, రెండు షోలనీ పక్కపక్కన పెట్టి రెండు పేజీలు రాయి. ఎవరిది తప్పు అని నువ్వు వేసిన పంచాయతీ మొత్తం కొట్టెయ్. 2001లో స్ట్రెట్‌ఫర్డ్ అండ్ ఉర్మ్‌స్టన్‌లో పార్లమెంటుకి పోటీచేసి 713 ఓట్లు తెచ్చుకున్న సంగతికి రెండు లైన్లు చాలు, పేజీన్నర అక్కర్లేదు.

ఇంకోటి. టాబ్లాయిడ్, పేజ్ త్రీ అని అలవోకగా రాసుకుపోయావు. మనవాళ్లకి టాబ్లాయిడ్ అంటే జిల్లా వార్తలతో వచ్చే చిన్న సైజు పేపరు. పేజ్ త్రీ అంటే హైదరాబాదు పార్టీల్లో గ్లాసులు పట్టుకున్నవాళ్ల ఫొటోలు. నువ్వు చెప్తున్నది వేరు. పత్రికల యజమాని మర్డోక్ బ్రిటన్‌లో ద సన్ పేపరు కొన్నది 1969లో. మరుసటేడు నవంబరు 17 నుంచి మూడో పేజీలో పైబట్ట లేని అమ్మాయి ఫొటో వేయడం మొదలెట్టారు. అది 2015 జనవరి దాకా నడిచింది. మొదట్లో పదహారేళ్ల పిల్లల్ని కూడా వేసేవారు, సమంతా ఫాక్స్ 1983లో అలా వచ్చిందే. 2003లో చట్టం చేశాకే పద్దెనిమిది అయింది. ఆ ఫొటో పక్కన కొన్నేళ్లపాటు ఒక చిన్న డబ్బా ఉండేది. దేశంలో జరిగే వ్యవహారాల మీద ఆ అమ్మాయే అన్నట్టుగా రెండు ముక్కలు వేసేవారు. రాసేది ఆఫీసులో వాళ్లు. ఆ డబ్బా సంగతి చదివినప్పుడు నాకు వడపళని టేబుల్, దాని మీద గ్యాలీ కళ్లముందుకొచ్చాయి.

బ్రైటన్ పిల్ల కేటీ ఆ పేజీలో జోర్డన్ అనే పేరుతో మొదటిసారి కనపడింది 1996లో. పద్దెనిమిదేళ్లు. అదే ఏడాది సెప్టెంబరు 23న మద్రాసులో మన ఏలూరు దగ్గర కొవ్వలి అమ్మాయి విజయలక్ష్మి పోయింది. లోకానికి సిల్క్ స్మిత. ఇద్దర్నీ పోల్చమని చెప్పడం లేదు, ఇద్దరి దారులూ వేరు. నాకు మాత్రం ఆ సంవత్సరం పేరు వింటే రెండో అమ్మాయే గుర్తొస్తుంది. బతికుండగా ఆమె మీద ఏమేం రాశారో, పోయాక అదే చేతుల్తో ఎంత కన్నీరు రాశారో నాకు తెలుసు.

కేటీ నవలలు ఆవిడ రాయలేదని తెలిసి నువ్వు వెక్కిరించావు. రెబెకా ఫార్న్‌వర్త్ అనే రచయిత్రి రాసేది. కేటీ ఆ సంగతి దాచలేదు. 2007లో వచ్చిన నవల ఆ ఏడాది బుకర్ సాహిత్య బహుమతి తుది జాబితాలో ఉన్న పుస్తకాలన్నీ కలిపి అమ్ముడైనదానికంటే ఎక్కువ అమ్ముడైందని అక్కడి పత్రికలు రాశాయి. ఇందులో వెక్కిరించడానికి ఏముంది? ఒకరి జీవితం, ఒకరి చెయ్యి, ఒకరి ప్రెస్సు. వాటాలెలా పంచుకున్నారో అడగాలి. నీ మొత్తం కథనంలో ఫార్న్‌వర్త్ గురించి ఉన్నది ఒక్క లైను. పేరు పడని రచయిత మీద నువ్వు ఒక్క లైను రాస్తే, నాలుగు వందల వారాలు పేరు లేకుండా రాసినవాణ్ని, నాకెలా ఉంటుందో ఆలోచించు.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన వాక్యం. 'కొడుకును అడ్డం పెట్టుకుని సానుభూతి కొట్టేసింది' అన్నావు. ఎవరు చెప్పారు నీకు? నా లెక్క పెట్టి చూడు, కూలి ఎవరిచ్చారని. హార్వీ మీద ఆన్‌లైన్లో పడ్డ రాతల గురించి 2017లో ఆవిడ పిటిషన్ పెట్టింది. రెండు లక్షల ఇరవై వేలమందికి పైగా సంతకాలు చేశారు. 2018 ఫిబ్రవరిలో పార్లమెంటు పిటిషన్ల కమిటీ ముందు కూర్చుని, కొడుకును ఏమేం అన్నారో సభ్యులకి చెప్పింది. ఫొటోల హక్కులు ఎవరూ కొనలేదు, షోగా ఎవరూ అమ్మలేదు. ఇరవై ఏళ్ల గొడవల్లో కూలి లేకుండా పడ్డ గొడవ అది. దాన్నీ మిగతావాటినీ ఒకే సంచిలో వేసి కట్టేశావు.

అలాగని ఆవిడకి హారతి పట్టమనడం లేదు. 2019లో దివాలా, 2024లో మళ్లీ దివాలా. 2021లో తాగి కారు నడిపి బోల్తా కొట్టించింది, కోర్టు శిక్ష వేసి అమలు ఆపింది. 2022 జూన్‌లో, దూరంగా ఉండమన్న కోర్టు ఉత్తర్వు మీరి మాజీ భర్తకి (పీటర్ కాదు, మూడో భర్త కీరన్ హేలర్) అతనికి కాబోయే భార్యని తిడుతూ మెసేజ్ పంపినందుకు లూయిస్ క్రౌన్ కోర్టు 170 గంటలు జీతం లేని పని చేయమంది. ఈ చివరి ముక్క నీ దగ్గర లేనే లేదు. ఇన్నేళ్లూ తిట్టినందుకు డబ్బులొచ్చాయి, ఈసారి తిట్టినందుకు ఊరికే పనిచేయమన్నారు. ఆ మెసేజ్ పంపిన రాత్రి ఆవిడ మనసులో ఏముందో నువ్వు ఊహించి రాయకు. నేను 'పాత సామాను' అలాగే ఊహించాను. కోర్టు ఏమందో అది రాయి.

అంకెలు ఉంటే జనం చదవరని నీకు చెప్తారు. నాకు చెప్పారు. నా వ్యాసంలో రేట్లు, పారితోషికాలు అన్నీ పీకేసి, మీది మంచి భావుకత గురువుగారూ అన్నాడొక ఎడిటరు. ఆ వ్యాసం ఇంట్లో ఎక్కడుందో కూడా వెతకలేదు నేను. ఇప్పుడు ఆ భావుకత కూడా పోయి, 'షాకింగ్', 'తెలిస్తే కన్నీళ్లు ఆగవు' అనే థంబ్‌నెయిళ్లు మిగిలాయి. లేదంటే ఎవరి మీద రాసినా బాధితురాలు అనో ఐకాన్ అనో ముద్ర కొట్టి పంపేస్తున్నారు. నీ శీర్షికలో రెండూ ఉన్నాయి.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా, ఇంగ్లీషులో రాస్తే మేలా అని అడిగావు. వాటి సంగతి ఇప్పుడు కాదు.

నీ నలభయ్యో పేజీలో నాలుగు లైన్లు ఉన్నాయి. అవి చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. అక్కడ బ్రిటన్‌లో నువ్వు పొద్దున్నే పార్ట్‌టైమ్ చేసే పేపర్ల కొట్టు, దాని ఓనరు గుజరాతీ తాతగారు, చనిపోయిన ఆయన భార్య. సన్‌లో ఆ మూడో పేజీ వచ్చే రోజుల్లో ఎవరైనా కౌంటరు మీదే పేపరు విప్పి చూస్తూ నిలబడితే, ఆవిడ ఏమీ అనకుండా వాళ్లకి ఇవ్వాల్సిన చిల్లర తీసి ఆ బొమ్మ మీద, ఒక్కో నాణెమూ పేర్చినట్టు పెట్టేదని రాశావు. అమ్మాయ్, కథ అక్కడ మొదలుపెట్టు. ఆ నాణేల దగ్గర. ఆ పేపరు అమ్మితే ఆ కొట్టుకి ఎంత మిగిలేదో తాతగారిని అడుగు. రోజుకి ఎన్ని కాపీలు దిగేవి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకునేవారా, ఆ పేజీ ఆగిపోయిన వారం ఎన్ని తగ్గాయి, ఆవిడ ఆ సంగతి చూడటానికి ఉందా. అన్నీ అడిగి, ఆయన ఏ భాషలో ఎలా చెప్తే అలాగే రాసుకుని పంపు. పదకొండో పేజీ మాత్రం ఈ రాత్రికే తీసెయ్.

ఆశీస్సులతో,
బాబాయి