నేను మామూలు మనిషినేనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. నలుగురిలో కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు. సెలవు రోజుల్లో ఒంటరిగా చదువుకోవడమే నాకు ఇష్టం. ఉన్న స్నేహితులు ఇద్దరే. 'అందరిలా ఉండవేం?' అని అమ్మ, అక్క తరచూ అంటుంటారు. ఎక్కడికి వెళ్లినా రాని నవ్వు తెచ్చుకుని, నటించి నటించి అలసిపోయాను. నేను మామూలు మనిషినేనా?

జవాబు: మీ ఉత్తరంలో నటించి అలసిపోయానన్న మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మీవాళ్లు 'అందరూ' అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది తాము చూసిన కొందరిని కలిపి ఊహించుకున్న సగటు మనిషి. 1950లో అమెరికా వైమానిక దళం కాక్‌పిట్ల అమరికను సరిచూసుకోవడానికి 4,063 మంది పైలట్ల శరీర కొలతలు తీయించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు ఎత్తు, ఛాతీ చుట్టుకొలత వంటి పది కొలతలు తీసుకుని లెక్క కడితే, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరూ కనిపించలేదు. టేపుతో కొలవగలిగే శరీరమే సగటుకు లొంగనప్పుడు, స్వభావం లొంగాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

అలాగని ఎలా ఉన్నా ఫరవాలేదని చెప్పి మిమ్మల్ని పంపించలేను. మానసిక వైద్యులు ఒక మనిషి నలుగురికంటే ఎంత భిన్నంగా ఉన్నాడన్నదాని కన్నా, ఆ తీరు వల్ల అతను ఎంత బాధపడుతున్నాడు, చదువు, ఉద్యోగం, అనుబంధాలు ఎంత దెబ్బతింటున్నాయి అన్నదే ముఖ్యంగా చూస్తారు. కాబట్టి మీరు నిజాయితీగా తేల్చుకోవలసినది, ఒంటరితనాన్ని మీరు కోరుకుంటున్నారా, లేక భయపడి అందులో దాక్కుంటున్నారా అన్నది. పుస్తకంతో గడిపిన రోజు చివర మనసు తేలికగా ఉంటే అది మీ స్వభావం. అలా కాక, నలుగురిలోకి వెళ్లాలంటే ముందు రోజు నుంచే గుండె దడ, చేతులు వణకడం, ఎవరైనా తప్పు పడతారేమోనన్న భయం, ఆ భయంతోనే రావలసిన అవకాశాలు వదులుకోవడం ఆరు నెలలకు పైగా సాగుతుంటే, అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది; సైకాలజిస్టును కలవడానికి సంకోచించకండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, చదువు కూడా రుచించకుండా ఉంటే మాత్రం అస్సలు ఆలస్యం చేయవద్దు.

సమాజానికి మన మీద కొంత హక్కు ఉంది, కాదనను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఎదుటివారిని నొప్పించకపోవడం, కష్టంలో పలకరించడం వరకు అది అడగవచ్చు. ఉల్లాసాన్ని అడిగే హక్కు దానికి లేదని నా అభిప్రాయం.

అక్కతో ముందు మాట్లాడండి. అమ్మగారికంటే ఆమెకు చెప్పడం బహుశా సులువు. 'నేను గంటసేపు వస్తాను, నవ్వాలనిపిస్తే నవ్వుతాను, తర్వాత వెళ్లిపోతాను' అని ముందే చెప్పి, ఈసారి అలాగే చేయండి. అమ్మగారికి మీ ఇద్దరు స్నేహితులను పరిచయం చేయండి. తన తర్వాత మీకెవరూ ఉండరేమోనన్న బెంగే ఆమె చేత ఆ మాట అనిపిస్తుండవచ్చు.