కెరటాల్లో పెడల్ కయాక్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గాల్వెస్టన్ బీచ్ నుంచి పెడల్ కయాక్ (కాళ్లతో తొక్కే సన్నటి పడవ) మీద చేపల వేటకి వెళ్తుంటాను. మాది పడవ అడుగున రెండు ఫిన్లు (చేప రెక్కల్లాంటి పలకలు) ఆడే రకం. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర అడ్డం తిరిగి బోల్తా పడుతోంది. రెండు గేలపు రాడ్లు పోయాయి, చుక్కాని పిన్ను విరిగింది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఒడ్డు దాకా తొక్కుకుంటూ రావడమే తప్పు. గాల్వెస్టన్‌లో ఇసుక తిన్నెలు తీరం వెంబడి వరసలుగా ఉంటాయి. కెరటం విరిగేది వాటి మీదే, లోతు తగ్గిపోయేదీ అక్కడే. ఫిన్లేమో పడవ కింద దాదాపు అడుగున్నర వేలాడుతుంటాయి. వెనక నుంచి కెరటం తోస్తుండగా ఫిన్ ఇసుకలో గుచ్చుకుందా, పడవ దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. ఫిన్‌లోని స్టీలు ఊచ వంగేదీ అప్పుడే. పిన్ను సంగతంటారా, ప్లాస్టిక్‌తో చేసిందే విరగడానికి. అది విరక్కపోతే పడవ వెనక భాగం పగులుతుంది. విసిగిపోయి దాని బదులు స్టీలు బోల్టు వేయకండి, రెండు పిన్నులు అదనంగా దగ్గరుంచుకోండి.

కెరటాలు విరిగే చోటికి ఇంకా అవతలుండగానే ఆగండి. రాడ్లు నిలువు హోల్డర్లలోంచి తీసి లోపల పెట్టండి, పట్టకపోతే పడుకోబెట్టి కట్టండి. డ్రైవ్ (పెడళ్లు, ఫిన్లు కలిసిన భాగం) పైకి లాగి పడవకి కట్టేసి, ఆ రంధ్రానికి దాని మూత బిగించండి. చుక్కాని ఎత్తేయండి. ఒక పెడల్‌ని ముందుకంటా తోస్తే ఫిన్లు అడుగుకి అతుక్కుంటాయి కదా అని అలాగే వచ్చేవాళ్లున్నారు. లోతు లేని నిలకడ నీళ్లకి ఆ చిట్కా చాలు. కెరటంలో కాలు జారితే ఫిన్ మళ్లీ కిందికి దిగుతుంది.

ఇక తెడ్డు పట్టండి. పెద్ద కెరటాలు గుంపుగా వచ్చి, తర్వాత కాస్త తెరిపిస్తాయి. ఆఖరి పెద్దదాని వెనకే, దాన్ని దాటిపోకుండా రండి. వెనక ఇంకోటి లేస్తే వెనక్కి తెడ్డేసి దాన్ని కింద నుంచి పోనివ్వండి. అయినా అడ్డం తిరిగితే కెరటం వైపే ఒరిగి, తెడ్డుని నురగ మీద ఆనించండి. భయంతో అందరూ ఒడ్డు వైపు ఒరుగుతారు, బోల్తా పడేది అందుకే. పడితే పడవకి సముద్రం వైపే ఉండండి. ఒడ్డు వైపు నిలబడితే కెరటం ఆ పడవనే తెచ్చి మీ మోకాళ్లకి కొడుతుంది.

ప్రశ్న: నా 12 అడుగుల సిట్-ఆన్-టాప్ (డెక్ పైన కూర్చునే రకం) ఫిషింగ్ కయాక్‌తో రుషికొండలో సర్ఫింగ్ చేయొచ్చా?
– విశాఖపట్నం

జవాబు: నడుము ఎత్తు లోపు కెరటాలైతే సరదా తీరుతుంది. అంతకు మించితే పొడుగు పడవ ముక్కు కెరటం వాలులో గుచ్చుకుంటుంది, తిప్పుదామన్నా తిరగదు. సర్ఫింగ్ మీదే మనసుంటే ముక్కు పైకి వంపు తిరిగిన చిన్న పడవ, తొడలు బిగించే బెల్టులు చూసుకోండి. ఉన్నదాంతోనే అంటే ఎత్తు కుర్చీ, రాడ్లు, గేలాలు ఇంట్లో వదిలేయండి. డెక్ మీది స్కప్పర్ రంధ్రాల బిరడాలు తీసేయండి, పైకెక్కిన నీళ్లు వాటిలోంచే కారిపోవాలి. మన జాలర్ల తెప్పకి దుంగల సందులు చేసే పని ఇదే! లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈతగాళ్లున్న వైపు అసలు వద్దు, అదుపు తప్పిన కయాక్ దుంగతో సమానం.

ప్రశ్న: ప్రతిసారీ పడవ లోపల్నుంచి రెండు మూడు లీటర్ల నీళ్లు వస్తున్నాయి. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వా ఉంది. పడవ ఒరిగినప్పుడల్లా ఆ నీళ్లూ అటే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. ముందు డ్రెయిన్ ప్లగ్ (లోపలి నీళ్లు వదిలే బిరడా) రబ్బరు వాషర్, హ్యాచ్ (లోపల సామాను పెట్టే ద్వారం) మూత అంచులు చూడండి. అవి బాగుంటే అనుమానం స్కప్పర్ రంధ్రాల మీదే. చక్రాల బండి ఊచలు వాటిలో గుచ్చి, నిండు బరువుతో ఇసుకలో లాగితే గోడలు పగులుతాయి. పడవని రెండు స్టూళ్ల మీద పెట్టి లోపల రెండు బకెట్ల నీళ్లు పోయండి, అటూ ఇటూ ఒంచుతూ రంధ్రాల్లో వేలు పెట్టి తడి చూడండి. పగులు దొరికితే సీలెంట్ పూసి సరిపెట్టకండి, ఈ ప్లాస్టిక్‌కి అది పట్టదు. ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించండి.