పాత కారుకు వేరే ఇంజిన్: లక్ష పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. నార్పల దగ్గర నాలుగెకరాల చీనీ తోట ఉంది. మా డీజిల్ స్విఫ్ట్ 2012 నవంబరులో రిజిస్టరైంది. ఈమధ్య కర్నూలు నుంచి వస్తుంటే గుత్తి దాటాక వేడెక్కి ఆగిపోయింది. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) పోయిందని, బెంగళూరు నుంచి సెకండ్‌హ్యాండ్ ఫుల్ ఇంజిన్ తెప్పించి బిగిస్తే 85 వేలవుతుందని మెకానిక్ అంటున్నాడు. ఇండికా విస్టా ఇంజిన్ కూడా ఇదేనట, అదైతే 60 వేలకే అయిపోతుందట. కారును ఉన్నదున్నట్టు అమ్మితే 70 వేలు, నడుస్తూ ఉంటే లక్షా 80 వేలు వస్తాయంటున్నారు. నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు తిరుగుతాం. లక్ష రూపాయల చీటీ ఒకటి నడుస్తోంది, ఇంకా 12 నెలలుంది. ఇప్పుడు పాడితే 82 వేలు చేతికొస్తాయి. అది పాడి ఇంజిన్ వేయించాలా, ఐదు లక్షలు లోను తీసుకుని వేరే కారు కొనాలా?

జవాబు: లోను వద్దు, చీటీ పాడొద్దు. కారు బాడీ గట్టిగా ఉండి, ఇంకో నాలుగైదేళ్లు మీరే వాడుకునేట్టయితే ఇంజిన్ మీద ఖర్చు పెట్టండి. అయితే 85 వేలకు సరే అనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

బ్లాకు నిజంగా పోయిందా? మీ కారులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్, 1248 సీసీ ఇంజిన్. దీని బ్లాకు పోత ఇనుముది, దాని మీద మూతలా కూర్చునే హెడ్ అల్యూమినియంది. ఇలా వేడెక్కినప్పుడు సాధారణంగా ముందు వంగేది హెడ్డే, లేదంటే ఆ రెండింటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపల మీగడలా తెల్లటి జిగురు ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలిసిందని అర్థం. అంతమాత్రాన బ్లాకు పగిలిందని కాదు. హెడ్ దించి, హెడ్డుకూ బ్లాకుకూ లేత్ షాపులో ప్రెజర్ టెస్ట్ చేయించమనండి. బ్లాకు బాగుంటే హెడ్ ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), అవసరమైతే సిలిండర్లు బోరు చేయించి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చుకోవచ్చు. ఇంజిన్ నంబరు చెక్కి ఉండేది బ్లాకు మీదే. అది మీదే ఉంటే ఆర్సీలో ఒక్క అక్షరం మారదు, ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లే పనే ఉండదు. ఆ అంచనా కూడా రాయించుకుని 85 వేల పక్కన పెట్టి చూడండి.

బ్లాకు పగిలిందని తేలితే వేరే ఇంజిన్ తప్పదు. అప్పుడు అసలు భయం కాగితాలతోనే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మారిస్తే ఆర్టీఓ అనుమతి తీసుకుని, మార్చిన 14 రోజుల్లో తెలియజేసి, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. అనుమతి లేని మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ బీమాలో తగులుతుంది. పాలసీలో ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. పైగా 2027 నవంబరుతో మీ ఆర్సీకి 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి, 5,000 రూపాయల ఫీజు కట్టి ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆరోజు నంబరు కలవకపోతే లక్ష రూపాయల ఇంజిన్ ఉన్న కారు ఇంటి ముందు నిలబడిపోతుంది.

అందుకే ఇంజిన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండిదో ఆ బండి ఆర్సీ నకలు, ఆ ఆర్సీ రద్దయినట్టు కాగితం చేతికి రాకుండా రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వారి వాహన్ సమన్వయ్ ఆన్‌లైన్ సేవలో నంబరు పెట్టి దొంగ బండిది కాదని చూసుకోండి. నంబరు చెక్కిన చోట గ్రైండర్ గీతలు కనబడితే ఎంత చవకైనా వదిలేయండి.

విస్టా ఇంజిన్ సంగతి. మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. టాటా క్వాడ్రాజెట్ పేరుతో వేసిందీ ఈ 1.3 మల్టీజెట్టే. కానీ మౌంటింగులు, వైరింగు, చుట్టూ ఉండే సామాన్ల దగ్గర సర్దుబాటు ఖర్చు మొదలవుతుంది. మారుతి కారులో టాటా ఇంజిన్ నంబరు ఎక్కించమని అడిగితే ఆర్టీఓలో చిక్కు ఇంకా పెరుగుతుంది. 25 వేలు మిగులుతాయని దాని జోలికి వెళ్లొద్దు. మారుతిలోనే ఎర్టిగా, ఎస్ఎక్స్4లకు వేసిన 90 హార్స్‌పవర్ రకం కూడా వద్దు, దాని టర్బో వేరు. 75 హార్స్‌పవర్ స్విఫ్ట్ ఇంజినే అడగండి. కొనేముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిపించండి. స్టార్ట్ చేసి తీసిన వీడియో పంపితే సరిపోదు.

ఇక లెక్క. రేడియేటర్, వాటర్ పంపు, హోసులు, క్లచ్ ప్లేటు కోసం మరో 15 వేలు కలిపి లక్ష అనుకోండి. వేడెక్కడానికి అసలు కారణం సరిచేయకపోతే మన అనంతపురం ఎండల్లో రెండో ఇంజినూ అలాగే పోతుంది, కాబట్టి ఈ 15 వేలు తగ్గించుకోవద్దు. లక్ష పెడితే కారు విలువ పెరిగేది లక్షా 10 వేలే. బాగు చేయించి అమ్మే ఆలోచనైతే శ్రమ దండగ, ఇప్పుడే 70 వేలకు ఇచ్చేయండి. నాలుగేళ్లు వాడుకుంటే మాత్రం నెలకు సుమారు 2,100 పడుతుంది. అదే ఐదు లక్షల లోనైతే 10 శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలకు 10,600 పైన కట్టాలి, వడ్డీయే లక్షా 37 వేలు దాటుతుంది. నెలకు ఏడు వందల కిలోమీటర్లు తిరిగే ఇంటికి అంత బరువు అనవసరం.

చీటీ ఇప్పుడు పాడితే ఏడాది ముందు 82 వేలు తీసుకోవడానికి 18 వేలు వదులుకుంటున్నారు. అంటే దాదాపు 22 శాతం వడ్డీ. బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి తీసుకున్నా లక్షకు ఏడాదికి 10 వేలే. చీనీ కాపు డబ్బు రాగానే అసలులో కొంత కట్టేస్తే అదీ తగ్గుతుంది. చీటీ చివరిదాకా ఉంచి, ఆ డబ్బుతో మిగతా బాకీ తీర్చి నగలు విడిపించుకోండి.

మెకానిక్‌కు డబ్బు ఒకేసారి ఇవ్వకండి. ఇంజిన్, కాగితాలు వచ్చాక కొంత, బిగించాక కొంత, ఐదు వందల కిలోమీటర్లు తిరిగి ఇంజిన్ మళ్లీ వేడెక్కడం లేదని చూసుకున్నాక మిగతాది. ఇదంతా ముందే బిల్లు మీద రాయించుకోండి.