కొత్త మందు వాడుతుండగా ఒంటిమీద ర్యాష్ వచ్చింది. అది మందు వల్లేనని ఎలా తెలుస్తుంది?

చర్మం కన్నా ముందు తేదీలు చూడాలి. మందు మొదలుపెట్టిన 4 నుంచి 14 రోజుల్లో ఛాతీ, వీపు మీద తట్టు పోసినట్టు ఎర్రగా లేచి, రెండు వైపులా ఒకేలా చేతులకూ కాళ్లకూ పాకితే మందునే అనుమానించాలి. అదే మందు ఇదివరకు పడకపోయి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చు. "కోర్సు అయిపోయిందిగా, ఇంకా దాని వల్లేంటి" అనుకోకండి. యాంటీబయాటిక్ ఆపిన కొన్ని రోజులకూ మొదలవుతుంది.

మాత్ర వేసుకున్న నిమిషాల్లో, గంటల్లో దురదతో దద్దుర్లు లేస్తే అది వేరే రకం అలర్జీ. ఇంకోటి భలే విచిత్రం: పెదవి మీదో చేతి మీదో గుండ్రటి ముదురు మచ్చ, ఆ మందు వేసుకున్న ప్రతిసారీ సరిగ్గా అక్కడే మండుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక.

ర్యాష్ మందు వల్లేనని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. వైరల్ జ్వరాల్లోనూ ఇలాంటి ర్యాష్ వస్తుంది కాబట్టి డాక్టర్లు మందుల చరిత్ర అడుగుతారు, ఇసినోఫిల్స్ (అలర్జీల్లో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు), లివర్ పరీక్షలు చూస్తారు, అవసరమైతే బయాప్సీ (చర్మం చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు. గత రెండు నెలల్లో వాడినవన్నీ, నొప్పి మాత్రలు, మూలికలతో సహా, తేదీలు వేసి రాసుకెళ్లండి. మందు ఆపాక కూడా ర్యాష్ కొన్ని రోజులు పెరగొచ్చు, టెన్షన్ పడొద్దు. మూర్ఛ మందుల్లాంటివి మాత్రం సొంతంగా ఆపకుండా అదే రోజు డాక్టర్‌ని అడగండి.

నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ముట్టుకుంటే నొప్పి, బొబ్బలు, ముఖం వాపు, జ్వరం, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.